మనము పారవేసినది ఎక్కడికి పోతుంది?



సముద్రములలో పేరుకొనిపోతున్న ప్లాస్టిక్కును గూర్చి కాడుగోడిలో కూర్చుని వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చును. మనమున్న ఈ బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. సముద్రమును చూడాలంటే ఒక పూట ప్రయాణము చేసి మదరాసు తీరానికైనా, అంతకు మించి దూరము పోయి నెల్లూరు తీరానికైనా చేరాలి. అటువంటప్పుడు మన వీధిలో పడిన కవరుకు, ఎక్కడో అలల మీద తేలే చెత్తకు ఏమి సంబంధమని అడుగుట సహజమే. ఈ ప్రశ్నకు జవాబు వెదకుటే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. దీని వెనుక మరియొక పెద్ద ప్రశ్న ఉన్నది. ఏ చేతి వలన జరిగినదో గుర్తుపట్టలేని హానికి బాధ్యులెవరు?

మొదట దారి సంగతి చూద్దాము. బెంగళూరుకు ఉత్తరాన ఉన్న నంది కొండల ప్రాంతములో రెండు నదులు పుడతాయి. రెండింటి పేరూ పినాకినియే. ఒకటి ఉత్తర పినాకిని, అనగా మన పెన్న. అది అనంతపురము ప్రాంతము గుండా, తాడిపత్రి ప్రక్కగా, కడప సీమ దాటి, సోమశిలలో ఆగి, నెల్లూరు మీదుగా బంగాళాఖాతములో కలుస్తుంది. రెండవది దక్షిణ పినాకిని. అది హొసకోట వైపుగా, మన కాడుగోడికి తూర్పున దిగి, తమిళనాడులో హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయము చేరి, కృష్ణగిరి, సాత్తనూరు ఆనకట్టలు దాటి, కడలూరు దగ్గర అదే బంగాళాఖాతములో పడుతుంది. మనలో అనేకులు పెన్న నీళ్లు త్రాగి పెరిగి, పని కొరకు ఇక్కడికి వచ్చి, దక్షిణ పినాకిని ప్రక్కన కాపురమున్నవారము. పుట్టిన చోట ఒక అక్క, బ్రతికే చోట ఒక చెల్లెలు అన్నట్లు ఈ రెండు నదులూ మనకు తెలియకుండానే మనతో ఉన్నాయి.

బెళ్లందూరు చెరువు నిండితే నీరు వర్తూరు చెరువుకు వస్తుంది. వర్తూరు నుండి దక్షిణ పినాకినికి పోతుంది. 2015లో వర్తూరు చెరువు నుండి లేచిన తెల్లని నురుగు రోడ్ల మీదికి వచ్చి, వచ్చే పోయే వాహనాల మీద పడిన సంగతి దేశమంతటా పత్రికలలో వచ్చింది. ఆ నురుగు ప్లాస్టిక్కు వలన వచ్చినది కాదు. మురుగు నీటి వలన, అందులోని సబ్బు మందుల వలన వచ్చినది. అయినను ఆ నురుగు ఒక సత్యమును మన కన్నుల ముందు పెట్టింది. అటువంటి నురుగే హోసూరు దగ్గర కెలవరపల్లిలోనూ పలుమార్లు కనబడింది. మన స్నానాల గదిలో, వంటింటిలో విడిచిన నీరు పొరుగు రాష్ట్రములోని రైతు పొలము దాకా పోతుందని దానివలన అందరికీ తెలిసింది. నురుగు పోయిన దారినే కవరు కూడా పోతుంది.

ఇక్కడ మనము అతిశయోక్తి చెప్పరాదు. కాడుగోడి కాలువలో పడిన ప్రతి కవరూ కడలూరు చేరదు. కొన్ని ఇక్కడి చెరువుల బురదలో కూరుకొనిపోతాయి, కొన్ని ఆనకట్టల వెనుక ఆగిపోతాయి, కొన్ని ఆవుల కడుపులలోకి పోతాయి. అయితే ఆగినది శాశ్వతముగా ఆగినట్లు కాదు. 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపాను వర్షాలకు సాత్తనూరు ఆనకట్ట నుండి లక్షకు పైగా క్యూసెక్కుల నీరు విడువవలసి వచ్చి, విళుప్పురం, కడలూరు జిల్లాలలో ఊళ్లు మునిగాయి. అటువంటి వరద సంవత్సరాల తరబడి గట్ల మీద, పొదలలో దాగియున్నదంతా ఒక్క రాత్రిలో ఊడ్చుకొని సముద్రానికి అప్పగిస్తుంది. 2021లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారము, నదుల ద్వారా సముద్రము చేరే ప్లాస్టిక్కులో 80 శాతము వెయ్యికి పైగా నదుల నుండి వస్తున్నది. వాటిలో పేరున్న మహానదుల కంటె పట్టణాల గుండా పోయే చిన్న నదుల పాత్రయే ఎక్కువ. అనగా దోషము గంగకో, నైలు నదికో అంటగట్టి మనము తప్పించుకొనుటకు వీలు లేదు. మన వంటి ఊళ్ల ప్రక్కన పారే నదులే ఆ లెక్కలో ముందున్నాయి.

ఈ ప్లాస్టిక్కు ఎంత? 1950లో ప్రపంచమంతటా తయారైనది సుమారు 20 లక్షల టన్నులు. 2019 నాటికి అది ఏడాదికి 46 కోట్ల టన్నులకు చేరింది. వ్యర్థముగా మారినదానిలో తిరిగి వాడుకలోనికి వచ్చినది పదింట ఒక వంతు కూడా లేదు. భూమి మీద నుండి సముద్రములోనికి 2010 ఒక్క సంవత్సరములోనే 48 లక్షల నుండి 1 కోటి 27 లక్షల టన్నుల వరకు పోయి ఉంటుందని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. కట్టె కుళ్లిపోతుంది, ఆకు మట్టిలో కలుస్తుంది, ఇనుము కూడా తుప్పు పట్టి నేలలో కలుస్తుంది. ప్లాస్టిక్కు మాత్రము ఎండకు పెళుసుబారి, అలలకు విరిగి, ముక్కలు ముక్కలై కంటికి కనబడని నలుసులవుతుంది గాని మట్టి కాదు. ఆ నలుసులను చిన్న చేప తింటుంది, చిన్న చేపను పెద్ద చేప తింటుంది. 2022లో నెదర్లాండ్సు పరిశోధకులు మనుష్యుల రక్తములోనే ఈ నలుసులను కనుగొన్నారు. వాటివలన మన శరీరానికి ఎంత కీడన్నది ఇంకా పరిశోధనలోనే ఉన్నది. కాని పారవేసినది తిరిగి మన ఇంటికే వచ్చిందన్నది మాత్రము రుజువైనది.

ఇంతమాత్రాన ప్లాస్టిక్కును శత్రువుగా చూడడము న్యాయము కాదు. ఆసుపత్రిలో సూదిమందు సిరంజి, రక్తపు సంచి, పసిబిడ్డకు ఎక్కించే సెలైను గొట్టము ప్లాస్టిక్కువే. ఈ వస్తువులను తలపెట్టినవారు కూడా చెడు తలంపుతో చేయలేదు. చేతిసంచి ఆకారములో ఉన్న ప్లాస్టిక్ కవరుకు 1960లలో రూపమిచ్చినవాడు స్వీడను దేశపు ఇంజనీరు స్టెన్ గుస్టాఫ్ థూలిన్. కాగితపు సంచుల కొరకు చెట్లు నరకబడుతున్న రోజులలో, మడిచి జేబులో పెట్టుకొని మరల మరల వాడగల సంచి ఉంటే మేలని ఆయన భావించినట్లు ఆయన కుమారుడు తరువాత చెప్పాడు.

మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఒకటి ఉన్నది. మన దేశములో షాంపూను చిన్న సాచెట్‌లో పెట్టి అమ్మే పద్ధతికి ఆద్యులలో ఒకరైన చిన్ని కృష్ణన్ కడలూరు వాసి. ధనవంతులు వాడే వస్తువు కూలి పని చేసేవారికి కూడా అందాలన్నది ఆయన ఆశయము. అది మంచి ఆశయమే. సీసా కొనలేని తల్లి చిల్లర డబ్బులతో బిడ్డ తల రుద్దగలిగింది. కాని అనేక పొరలతో చేసిన ఆ చిన్న సాచెట్‌ను పాత సామాన్లవాడు కొనడు, దానిని కరిగించి మరియొక వస్తువు చేయుట లాభసాటి కాదు. దక్షిణ పినాకిని సముద్రములో కలిసే ఊరు ఆ కడలూరే. మంచి మనస్సుతో మొదలైన పని కూడా, దాని తరువాతి సంగతి ఎవరూ చూడకపోతే, ఎక్కడికి పోయి చేరుతుందో చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అవసరము లేదు. కాబట్టి తప్పు వస్తువులో లేదు. నాలుగు నిమిషాల వాడకము కొరకు నాలుగు తరాలు నిలిచే వస్తువును తీసుకొని, ఆ తరువాత దానిని మరచిపోవుటలో తప్పు ఉన్నది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. ఈ విషయము మాట్లాడినప్పుడెల్లా సాధారణముగా మూడు జవాబులు వినబడతాయి. మూడింటిలోనూ కొంత నిజము ఉన్నది. అందుకే వాటిని తేలికగా త్రోసివేయరాదు.

మొదటిది: "నేనొక్కడిని మానితే ఏమవుతుంది?" లెక్క ప్రకారము ఈ మాట నిజమే. ఒక కవరు తగ్గినందున సముద్రానికి తెలియదు. కాని మన పెద్దలు చెప్పిన పాల చెరువు కథ గుర్తు తెచ్చుకోండి. రాత్రివేళ ప్రతి ఇంటివారూ ఒక చెంబెడు పాలు తెచ్చి చెరువులో పోయాలని రాజు ఆజ్ఞాపించాడు. అందరూ పాలు పోస్తారు గదా, నా ఒక్క చెంబు నీళ్లు ఎవరికి తెలుస్తాయని ప్రతివాడూ నీళ్లే తెచ్చాడు. తెల్లవారి చూస్తే చెరువు నిండా నీళ్లే. ఆ ఊరిలో ఎవరు దోషి? ఒక్కొక్కరిని విడిగా నిలబెట్టి అడిగితే ప్రతివాని వాదనా సరిగానే కనబడుతుంది. వాని చెంబెడు పాలతో చెరువు తెల్లబడేది కాదు. అయినను ఆ చెరువు అట్లు అయినందుకు కారణము వారు తప్ప మరెవరూ లేరు. దీనివలన తెలిసేదేమనగా, బాధ్యతను ఫలితపు తూకముతో మాత్రమే కొలువరాదు. అందరూ నావలెనే ఆలోచిస్తే ఏమగునని అడిగి చూచుకొన్నప్పుడే మన పని యొక్క నిజమైన బరువు తెలుస్తుంది.

మరియొక సంగతి. సముద్రానికి ఒక కవరు తెలియకపోవచ్చును గాని వీధికి తెలుస్తుంది. వాన పడినప్పుడు కాలువ మూతికి అడ్డుపడేది కొన్ని కవర్లే. పల్లములో రేకుల ఇంట్లో ఉన్న కూలివాని ఇంటిలోనికి నీరు రావడానికి అవి చాలును.

రెండవది: "ఇది కంపెనీలు, ప్రభుత్వము చేయవలసిన పని." ఇందులోనూ నిజము ఉన్నది. తయారు చేసేవాడు తయారు చేస్తూనే ఉంటే కొనేవాడు ఎంతకని కాదంటాడు? కర్ణాటక ప్రభుత్వము 2016 మార్చిలోనే ప్లాస్టిక్ చేతిసంచులు, పళ్లెములు, గ్లాసులు, ఫ్లెక్సీలు మొదలైనవాటిని నిషేధించింది. కేంద్ర ప్రభుత్వము 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేసే స్పూనులు, స్ట్రాలు, గ్లాసులు, థర్మకోల్ అలంకరణలు మొదలైనవాటిని దేశమంతటా నిషేధించింది. కవర్ల మందము 120 మైక్రాన్లకు తక్కువ ఉండరాదని కూడా నియమము ఉన్నది. అయినను సంతలో పలుచని కవరు దొరుకుతూనే ఉన్నది. ప్రపంచ దేశాలన్నీ కలిసి ఒక ఒప్పందము చేసికొనాలని 2022లో నైరోబీలో తీర్మానించాయి. 2024 చివర బూసాన్‌లోనూ, 2025 ఆగస్టులో జెనీవాలోనూ కూడి మాటలాడినను ఒప్పందము కుదరలేదు.

అయితే పై వారి బాధ్యత ఎక్కువైనందున మన బాధ్యత సున్నా కాదు. సంతలో కవరు అడిగేవారు ఉన్నంతకాలము చట్టము కాగితము మీదనే ఉంటుంది. తన ఇంటిలో చేయగలిగినది చేసినవానికే అధికారిని అడిగే ధైర్యము, కంపెనీని నిలదీసే నోరు ఉంటాయి. ఈ రెండు పనులు ఒకదానికొకటి పోటీ కావు.

ఇక్కడ న్యాయమైన భేదము ఒకటి పాటించాలి. రోజు కూలితో బ్రతుకుతూ సాచెట్ కొనేవారిని, కారులో వచ్చి నలుగురికి నాలుగు నీళ్ల సీసాలు కొనేవారిని ఒకే త్రాసులో తూచరాదు. ఎవరికి ఎన్నుకొనే వీలు ఎక్కువ ఉన్నదో వారి మీద భారము కూడా ఎక్కువ. ఐటీ ఆఫీసులలో జీతము తీసుకొనేవారు ముందు నడవాలి, అపార్టుమెంటులో పని చేసే అక్క తరువాత నడిచినా చాలును.

మూడవది పైకి అంతగా అనరు గాని మనస్సులో ఉంటుంది: "ఇది మన ఊరు కాదు గదా." వలస వచ్చిన మనకు ఈ ఆలోచన వచ్చుట సుళువు. అద్దె ఇల్లు, పదకొండు నెలల కాగితము, రేపు ఎక్కడ ఉంటామో తెలియదు. మన ఊరి చెరువులో ఎవడైనా చెత్త వేస్తే కర్ర పట్టుకొని వెళ్లేవారమే ఇక్కడి చెరువు ప్రక్కగా పోతూ తల త్రిప్పుకొంటాము. ఇక్కడివారిలో కొందరు బయటివారు వచ్చి ఊరు పాడుచేశారని అంటే మనకు బాధ కలుగుతుంది. ఆ మాట న్యాయము కాదు. ఈ ఊరి భవనాలు కట్టినదీ, 2023లో కాడుగోడి దాకా వచ్చిన మెట్రో రైలు కొరకు చెమటోడ్చినదీ వలస వచ్చినవారే. అయితే ఆ మాటకు వాదనతో జవాబు చెప్పుట కంటె నడతతో చెప్పుట మేలు.

మండూరు సంగతి ఇక్కడ తలచుకోవాలి. అది మనకు ఎంతో దూరములో లేదు. సంవత్సరాల తరబడి బెంగళూరు చెత్తను లారీల కొద్దీ తెచ్చి ఆ గ్రామము ప్రక్కన కుప్ప పోశారు. తమ నీరు చెడిపోయిందనీ, కంపుకు ఇళ్లలో ఉండలేకపోతున్నామనీ 2014లో గ్రామస్థులు రోడ్డెక్కారు. ఆ ఏడు డిసెంబరు 1 నుండి అక్కడికి చెత్త పంపబోమని ప్రభుత్వము మాట ఇవ్వవలసి వచ్చింది. మనము "బయట పారవేశాము" అంటాము. బయట అనే చోటు ఏదీ లేదు. మన బయట మరియొకని వాకిలి. మండూరు ఎవరికో పుట్టిన ఊరు, ఎవరికో అమ్మగారి ఊరు. పుట్టిన ఊరు విడిచి వచ్చిన బాధ తెలిసిన మనకు, ఉన్న ఊరిలోనే ఉండలేని స్థితి వచ్చినవారి బాధ ఇతరుల కంటె ముందుగా తెలియాలి. పరదేశిగా వచ్చినవాడు త్రాగిన బావిని పాడుచేయడు. ఎందుకంటే రేపు మరియొక బాటసారి ఆ బావికే వస్తాడు.

ఇక చేయదగిన పనులు. ఇవి గొప్పవి కావు, అందరికీ సాధ్యమైనవే.

చెత్తను వేరు చేయుట మొదటిది. తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, శానిటరీ చెత్తకు ఎర్ర డబ్బా, పొడి చెత్తకు ఒక సంచి ఉండాలని హైకోర్టు 2015లోనే చెప్పింది. పొడి ప్లాస్టిక్కును ఒకసారి కడిగి ఆరబెట్టి ఇస్తే, దానిని ఏరి అమ్ముకొని బ్రతికే కుటుంబానికి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి, వారి చేతులు పుండ్లు పడవు. అన్నము, కూర కలిసిన కవరు ఎవరికీ పనికిరాదు. అది నేరుగా కుప్పకే పోతుంది. పాల ప్యాకెట్టు కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంపక అంటుకొనియుండునట్లు విడువండి. ఆ చిన్న ముక్కలే ఎవరి చేతికీ అందక కాలువల పాలవుతాయి.

కర్రీ పాయింటుకు పోయేటప్పుడు స్టీలు క్యారియరు పట్టుకొని వెళ్లండి. పొగలు వచ్చే సాంబారును పలుచని కవరులో కట్టించుకొనుట ఆరోగ్యానికి కూడా మంచిది కాదు. సంతకు గుడ్డ సంచి, ప్రయాణానికి ఇంటి నీళ్ల సీసా మన తల్లిదండ్రులకు అలవాటైన పద్ధతులే. ప్లాస్టిక్కును వీధి చివర తగులబెట్టకండి. ఆ పొగలో కంటికి కనబడని విషాలుంటాయి. ప్రక్క ఇంటి పసిబిడ్డ దానిని పీల్చుతుంది.

మన కూడికలలో, వివాహాలలో, ప్రేమవిందులలో దీనిని గూర్చి ప్రత్యేకముగా ఆలోచించాలి. రెండు వందలమంది భోజనము చేసిన తరువాత మిగిలే గ్లాసుల గుట్ట, నీళ్ల సీసాల గుట్ట చిన్నది కాదు. స్టీలు పళ్లెములు, గ్లాసులు ఇచ్చే ప్లేట్ బ్యాంకులు బెంగళూరులో ఉన్నాయి. అరటి ఆకు ఉన్నది. మన మన్యములో గిరిజనులు కుట్టే అడ్డాకు విస్తర్లు ఉన్నాయి. వాటిని తెప్పిస్తే చెత్త తగ్గడమే గాక వారికి పని కూడా దొరుకుతుంది. శుభాకాంక్షల ఫ్లెక్సీకి బదులు గుడ్డ బ్యానరు కట్టి, మరుసటి ఏడు కూడా వాడుకోవచ్చును. అంట్లు కడగడానికి మనుష్యులు కావాలి, నిజమే. అయితే పూర్వము మన ఊళ్లలో విందు తరువాత అందరూ కలిసి గిన్నెలు తోమిన ఆ గంటసేపే ఎన్నో మాటలు కలిసేవి.

తీరాన్ని శుభ్రము చేసే కార్యక్రమాలు కూడా మంచివే. 2022 ఆగస్టు 26న విశాఖపట్నములో వేలమంది కూడి ఒక్కనాడు సముద్ర తీరములో 76 టన్నుల ప్లాస్టిక్కు తీసినట్లు ప్రకటించారు. ఆ శ్రమను అభినందించాలి. కాని ఇంటి కప్పు కారుతుండగా క్రింద నేల తుడిచినంత మాత్రాన ఇల్లు ఆరదు. తీరమున తీసే చేతుల కంటె ఎగువన పారవేయని చేతులు ఎక్కువ కావాలి. ఎగువన ఉన్నవారము మనమే.

ఎగువన ఉండుట ఒక బాధ్యత. పై పొలము రైతు నీరు కట్టివేస్తే క్రింది రైతు ఎండుతాడు, పై రైతు మురికి విడిస్తే క్రింది రైతు దానినే త్రాగుతాడు. అందుచేతనే మన పల్లెలలో కాలువ విషయములో పై వానికి కట్టుబాట్లు పెట్టారు. కాలము విషయములో కూడా మనము ఎగువవారమే. ఇంకా పుట్టని బిడ్డలు దిగువన ఉన్నారు. వారు మనతో పోట్లాడలేరు, పంచాయితీ పెట్టలేరు, రోడ్డెక్కలేరు. అడుగలేనివాని పక్షముగా మన అంతట మనమే న్యాయము చేయుట కంటె కష్టమైన న్యాయము లేదు. సుఖము మనకు, భారము వారికి అనే పంపకము ఏ ఇంటిలోనూ న్యాయమనిపించుకొనదు.

ఎవరి చేతి వలన జరిగినదో గుర్తించలేని హానికి బాధ్యులెవరని మొదట అడిగాము. దోషిని పట్టి శిక్షించుటకు గుర్తు కావాలి. కాని బాధ్యత వహించుటకు గుర్తు అక్కరలేదు. ఇందులో నా పాలు ఎంతో కొంత ఉన్నదని ఎరిగినవాడు ముందుకు వస్తే చాలును. వచ్చే కూడికకు ప్రతివారు ఇంటి నుండి ఒక గ్లాసు, ఒక సంచి తెచ్చుకొనాలని మనవి. చెంబెడు పాలు తెచ్చేవారు కొందరైనా ఉంటే, ఆ చెరువు రంగు మారడము అక్కడే మొదలవుతుంది.